గంజి చొక్కా

మా అమ్మ పెట్టే గంజి ఒక్కోసారి చిక్కనైపోయి, ఆరిన చీర గోడకు చేరేస్తే నిలబడేది. అమెరికన్ రచయిత జార్జ్ వాషింగ్టన్ హ్యారిస్ కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

టెన్నెసీ కొండల కుర్రాడు సట్ లవింగుడ్‌. వాడుండే ఇంటావిడ బాగా గంజి దట్టించిన చొక్కా ఒకటి వాడికి తొడిగిస్తుంది. చెమటకు గంజి నానింది. అటకెక్కి కునుకు తీసి లేచేసరికి చొక్కా ఆరి ఒంటికి అట్టకట్టేసింది. సట్ ఏం చేశాడంటే, అటక పలక ఊడదీసి, చొక్కా అంచుల్ని అక్కడే మేకులతో కొట్టి, ఆ సందులోంచి కిందికి దూకాడు. చొక్కా పైన వేలాడింది, వాడి తోలు కొంత దాంతోనే ఉండిపోయింది.

హ్యారిస్ 1814లో పుట్టాడు, నాక్స్‌విల్‌లో పెరిగాడు. బడి చదువు మూణ్ణాళ్ల ముచ్చటే. లోహపు పని నేర్చాడు, స్టీమర్ కెప్టెన్‌గా చేశాడు. సట్ కథ మొదటిది 1854లో న్యూయార్క్ పత్రికలో వచ్చింది. అందులో దున్నడానికి గుర్రం లేకపోతే సట్ తండ్రి తానే గుర్రమై నాగలి లాగి, కందిరీగల తుట్టెలోకి దూసుకుపోతాడు. సట్ కథల పుస్తకం 1867లో వచ్చింది. మార్క్ ట్వేన్ సమీక్షిస్తూ, తూర్పు రాష్ట్రాలవాళ్లకిది మోటుగా అనిపిస్తుందని అప్పుడే చెప్పాడు.

మోటుదనం ఒక్కటే కాదు, అక్షరాలూ అడ్డే. సట్ నోట్లో మాట ఎలా నలిగితే హ్యారిస్ అలాగే రాశాడు. నేను రెండుసార్లు మొదలుపెట్టి మూసేశాను. మూడోసారి పైకి చదివాను.

"ఎవరితోనండీ మాటలు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

అప్పుడర్థమైంది. ఈ రచయిత కంటికి లొంగడు, చెవికి లొంగుతాడు. మన రావిశాస్త్రి పాత్రల మాటలూ పైకి చదివితేనే నాకు పూర్తిగా అందుతాయి. 1954లో బ్రోమ్ వెబర్ అనే సంపాదకుడు పాఠకుల మీద జాలిపడి హ్యారిస్ స్పెల్లింగులు సరిచేసి అచ్చువేశాడు. సాహిత్య విలువ ఉన్న అమెరికన్ పుస్తకాల్లో ఇంత రోతైనది లేదన్న విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ కూడా ఆ సవరణను మెచ్చలేదు. నేనూ చొక్కా కథ తెలుగు చేద్దామని కూర్చున్నాను. మా యాసలో పెడితే సట్ మా ఊరివాడైపోయాడు, పత్రికల భాషలో పెడితే గుమాస్తా అయ్యాడు. చించేశాను.

హ్యారిస్ మరుగున పడటానికి మోటుదనం, స్పెల్లింగులే కాక ఇంకో కారణం ఉంది, దాచను. అతను దక్షిణాది వేర్పాటువాది. 1861లో లింకన్‌ను ఎగతాళి చేయడానికి సట్‌నే వాడుకున్నాడు. నల్లవాళ్ల మీద, ఆడవాళ్ల మీద వేసిన జోకుల్లో చాలా వాటికి నాకు నవ్వు రాలేదు, పేజీ తిప్పేశాను. కానీ పాదిరి బుల్లెన్ ప్రసంగిస్తుండగా సట్ ఆయన పంట్లాంలోకి బల్లుల్ని వదిలిన కథ దగ్గర పుస్తకం పక్కన పెట్టి నవ్వాను. నరకంలోని పాములే పట్టుకున్నాయనుకుని ఆయన ఒక్కో గుడ్డా విప్పేస్తాడు!

1869 డిసెంబరులో హ్యారిస్ రెండో పుస్తకం రాతప్రతితో వర్జీనియా వెళ్లి, రైల్లో తిరిగొస్తూ జబ్బుపడి, నాక్స్‌విల్‌లో పోయాడు. ఆ రాతప్రతి దొరకనే లేదు.

1867 నాటి పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. చొక్కా కథతో మొదలుపెట్టండి. పైకే చదవండి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి.