కటకం చూపుతుంది, మార్చదు: ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ‘ఆప్టిక్స్’ రూపక పరిశీలన

కీలక పదాలు: రూపకం, పరిభాష, లెన్స్, ప్రిజమ్, హాస్కెల్

హాస్కెల్ వంటి ఫంక్షనల్ భాషలలో ఒకసారి నిర్మించిన విలువ మారదు. ఒక కళాశాల రికార్డులో తెలుగు శాఖ, అందులో ఒక అధ్యాపకుడు, ఆయన చిరునామా, అందులో పిన్‌కోడ్ ఉన్నాయనుకుంటే, ఆ పిన్‌కోడ్ ఒక్కటి సవరించాలన్నా కొత్త చిరునామా, దానితో కొత్త అధ్యాపక రికార్డు, దానితో కొత్త శాఖ, ఇలా పైపొర వరకు తిరిగి కట్టవలసి వస్తుంది. మారని భాగాలను పాత, కొత్త విలువలు రెండూ పంచుకుంటాయి కనుక యంత్రానికి ఇది పెద్ద భారం కాదు, శ్రమంతా రాసేవారిదే. ఈ శ్రమను తగ్గించే సాధనాల సముదాయమే ‘ఆప్టిక్స్’. ఆ పేర్లు ఎంతవరకు సార్థకాలన్నది ఇక్కడ పరిశీలనాంశం.

‘లెన్స్’ అనే పేరుకు ప్రాచుర్యం తెచ్చినది 2005లో ఫోస్టర్, పియర్స్ ప్రభృతులు ప్రకటించిన పత్రం. డేటాబేస్ రంగంలో అప్పటికే స్థిరపడిన ‘వ్యూ’ అనే మాటకు ఇది కొనసాగింపు. చూపు ఉన్నచోట కటకం రావడం సహజమే. రెండు కటకాలను వరుసగా అమర్చి దూరదర్శినిని కట్టినట్లే, రెండు లెన్స్‌లను కలిపితే మరింత లోతుకు చేరే లెన్స్ ఏర్పడుతుంది. రూపకం బలమంతా ఇక్కడే ఉంది.

బలహీనతా చూపులోనే ఉంది. భౌతికశాస్త్రంలోని కటకం వస్తువును చూపుతుందే గాని మార్చదు. ప్రోగ్రామింగ్ లెన్స్‌కు చూడటం సగం పని, తిరిగి ఉంచడం మిగిలిన సగం. పెట్టినదే కనబడాలి, కనబడినదాన్నే తిరిగి పెడితే ఏదీ మారకూడదు అన్న రెండు నియమాలూ ఈ రెండో సగం మీదే ఆధారపడ్డాయి. పేరు మాత్రం దాని ఊసెత్తదు. సాధనం పుట్టిందే సవరణ కోసం కనుక ఇది చిన్న లోపం కాదు.

ప్రిజమ్ విషయంలో రూపకం దారి తప్పిందనే చెప్పాలి. పట్టకం తెల్లని కాంతిని విడదీసి రంగులన్నింటినీ ఒకేసారి చూపుతుంది. ప్రోగ్రామింగ్ ప్రిజమ్, ఒక విలువ అనేక రూపాలలో ఏదో ఒకటిగా మాత్రమే ఉండగల చోట, ఆ ఒక్క రూపం ఉన్నదా లేదా అని చూస్తుంది. లేకుంటే ఏమీ చిక్కదు. విద్యార్థికి ఇక్కడ పేరు అడ్డంకే. ఇక ట్రావర్సల్ అన్న పేరులో కాంతి ప్రసక్తే లేదు. 2017లో పికరింగ్, గిబ్బన్స్, వూ తమ పత్రానికి ఉపశీర్షికగా ‘డేటా యాక్సెసర్’ అన్న సాదా మాటను వాడటం గమనార్హం.

తెలుగు పాఠ్యపుస్తకాలలో లెన్స్‌కు కటకం, ప్రిజమ్‌కు పట్టకం స్థిరపడ్డాయి. వాటిని యథాతథంగా ప్రోగ్రామింగ్‌లోకి తెస్తే ఆంగ్ల రూపకపు లోపాలూ వెంట వస్తాయి. నిజానికి తెలుగుకు ఇక్కడ మరో సదుపాయం ఉంది. 2012 నుంచి వ్యాప్తిలో ఉన్న క్మెట్ లెన్స్ గ్రంథాలయంలో లెన్స్‌ల కూర్పు ఎడమ నుంచి కుడికి, వెలుపలి పొర నుంచి లోపలికి సాగుతుంది. కుడివైపు ప్రమేయం ముందు పనిచేయడానికి అలవాటుపడినవారికి ఇది తలకిందులుగా తోస్తుంది. ‘కళాశాలలోని తెలుగు శాఖలోని అధ్యాపకుని చిరునామాలోని పిన్‌కోడ్’ అనే తెలుగు పదబంధం సరిగ్గా ఆ క్రమంలోనే నడుస్తుంది. ఆంగ్లంలో ‘ఆఫ్’తో కట్టే పదబంధంలో పిన్‌కోడే ముందు వస్తుంది. తెలుగులో బోధించే అధ్యాపకుడు లెన్స్ కూర్పును వివరించడానికి కటకం దాకా పోనక్కరలేదు, ‘లోని’ చాలు. ‘లోని’ కూడా చేరుకోవడాన్నే చెబుతుంది. తిరిగి ఉంచడానికి తగిన మాట తెలుగులోనూ ఇంకా కుదరవలసే ఉంది.