లైనక్స్‌ను చేత్తో ఎక్కించే విద్య

హైదరాబాద్ నిజాంపేటలో మా అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఉండే ఇంజినీరింగ్ కుర్రాడు ఒక శనివారం రాత్రి పదకొండింటికి తలుపు తట్టాడు. చేతిలో సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్.

"అన్నా, లైనక్స్ ఎక్కింది గానీ వైఫై రావట్లేదు. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలా?"

అక్కర్లేదన్నాను. పావుగంటలో పనైపోయింది. ఆ పావుగంట సంగతి అర్థం కావాలంటే, ఆ సాయంత్రమంతా అతను ఏం చేశాడో ముందు చెప్పాలి.

అతను ఎంచుకున్నది ఆర్చ్ లైనక్స్. కెనడాకు చెందిన జడ్ వినెట్ 2002 మార్చిలో దీన్ని మొదలుపెట్టారు. ఉబుంటులాగా నాలుగు క్లిక్కులతో ఎక్కేది కాదిది. ఒకప్పుడు మెనూలతో నడిచే ఇన్‌స్టాలర్ ఉండేది, 2012లో తీసేశారు. 2021లో మరొకటి వచ్చింది గానీ నేర్చుకోదలచినవాళ్లు ఇప్పటికీ నల్ల తెర మీద ఒక్కో కమాండ్ కొట్టుకుంటూనే వెళ్తారు. వాళ్లు చేసేదే సరైన పని అని నా నమ్మకం.

ఆర్చ్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయగానే మొదట చూడాల్సింది డిస్కుల జాబితా. ఎల్ఎస్‌బ్లాక్ అని కొడితే వస్తుంది. పేర్లు చూసి కాదు, సైజు చూసి గుర్తుపట్టాలి. 256 జీబీ అని కొన్న డిస్కు అక్కడ 238.5గా కనిపిస్తుంది. అమ్మేవాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, ఈ కమాండ్ 1024తో లెక్కిస్తుంది. పద్నాలుగో పదిహేనో చూపించేది మీ 16 జీబీ పెన్‌డ్రైవ్. ఇక్కడ తొందరపడితే ఇంట్లోవాళ్ల పెళ్లిఫోటోలున్న డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఈ ఒక్క మెట్టు దగ్గర ఎంతసేపు ఆగినా నష్టం లేదంటాను.

తర్వాత డిస్కును భాగాలు చేయాలి. బూట్ కోసం ఫ్యాట్32లో చిన్న భాగం, మిగతాదంతా సిస్టమ్‌కు. సిస్టమ్ భాగాన్ని ఎక్స్‌ట్4లో ఫార్మాట్ చేసి, రెండింటినీ మౌంట్ చేశాక పాక్‌స్ట్రాప్ అనే కమాండ్ నడిపితే సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్, అవసరమైన కనీస సామగ్రి నెట్ నుంచి దిగి కొత్త డిస్కులో సర్దుకుంటాయి. తర్వాత ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైలు తయారు చేయాలి. ఏ భాగం ఎక్కడ తగిలించాలో కంప్యూటర్ ప్రతిసారీ ఇందులోనే చూసుకుంటుంది. డిస్కులకుండే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు ఒక బూట్‌కీ ఇంకో బూట్‌కీ తారుమారు కావచ్చు కాబట్టి, ఫార్మాట్ చేసినప్పుడు ఆ భాగానికి పడిన పొడవాటి గుర్తింపు సంఖ్య రాస్తారు. బూట్ భాగం సంఖ్యలో ఒక్క అక్షరం తప్పినా యంత్రం దానికోసం 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడిపోతుంది.

ఇక ఆర్చ్-సీహెచ్‌రూట్. ఈ విద్యకంతటికీ ప్రాణం ఇదే. గృహప్రవేశం ఇంకా కాలేదు, మీటరు బిగించలేదు. పక్కింటి నుంచి వైరు లాక్కుని కొత్తింట్లో లైట్లు వేసుకుని పని చేయించుకుంటాం చూడండి, అలాంటిదే. నడుస్తున్నది పెన్‌డ్రైవ్‌లోని కెర్నలే, మీరు నిలబడి ఉన్నది మాత్రం కొత్త సిస్టమ్‌లో. అక్కడే టైమ్‌జోన్ ఏషియా-కోల్‌కతాగా పెడతారు, పాస్‌వర్డ్ ఇస్తారు, గ్రబ్ అనే బూట్‌లోడర్ ఎక్కిస్తారు. విండోస్‌తో పాటు వాడేవాళ్లకు గడియారం అయిదున్నర గంటలు తేడా చూపించడం మామూలే. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది మన టైము అనుకుంటుంది విండోస్, గ్రీన్‌విచ్ టైము అనుకుంటుంది లైనక్స్. తేడా అక్కడ వస్తుంది.

మా కుర్రాడి వైఫై సంగతికొస్తే, పెన్‌డ్రైవ్‌లో వైఫై కలిపే ప్రోగ్రామ్ ఉంది, కొత్త సిస్టమ్‌లోకి అలాంటిదేదీ అతను తెచ్చుకోలేదు. మళ్లీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయించాను. ఫార్మాట్ జోలికి పోకుండా పాత భాగాలనే మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌లోకి వెళ్లి, ప్యాకేజీలు దింపే పాక్‌మన్‌తో నెట్‌వర్క్‌మేనేజర్ దింపాడు. ఆర్చ్‌లో తెచ్చిపెట్టడం వేరు, పనిలో పెట్టడం వేరు. సిస్టమ్‌సీటీఎల్‌తో ఎనేబుల్ చేశాక రీబూట్ చేస్తే వైఫై వచ్చింది. సాయంత్రం ఎక్కించడానికి నడిచిన దారిలోనే రాత్రి బాగుచేసుకున్నాడు. చేత్తో ఎక్కించడం వచ్చినవాడికి రిపేరు విడిగా నేర్పక్కర్లేదు.

నిజాంపేట హాస్టళ్ల నుంచి, ఫ్లాట్ల నుంచి రోజూ హైటెక్ సిటీ, గచ్చిబౌలి వెళ్లేవాళ్లలో ఎందరో లైనక్స్ సర్వర్ల మీదే పని చేస్తారు. ఆ సర్వర్లలో చాలావాటికి మౌస్‌తో పని లేదు, ఉండేది నల్ల తెర ఒక్కటే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల కోర్సులు కమాండ్లు నేర్పుతాయి. ఆ కమాండ్ ఎందుకు పుట్టిందో మాత్రం మన డిస్కు మీద మన చేత్తో కొట్టినప్పుడే తలకెక్కుతుంది.

తెలుగు మాట కూడా చెప్పుకోవాలి. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్ సంగతి లోకానికి చెప్పింది 1991 ఆగస్టు 25న. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి ప్రతిలో తెలుగు లిపికి చోటు దక్కింది. అయినా ఇన్‌స్టాల్ చేసే ఆ నల్ల తెర మీద నేటికీ తెలుగు సరిగా రాదు. దాని ఫాంటులో 512 ఆకారాలకు మించి పట్టవు, ఒత్తులు పేర్చడం దానికి తెలియదు. లొకేల్ ఫైలులో తెలుగు వరుస ముందున్న గుర్తు తీసేసి, లొకేల్-జెన్ నడిపి, సిస్టమ్ భాషను తెలుగుగా పెట్టి, నోటో ఫాంట్లు, తెలుగు కీబోర్డు వేసుకుంటే డెస్క్‌టాప్ మీద తేదీ, వారం తెలుగులో పలకరిస్తాయి. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ తెలుగు లైనక్స్ కోసం, పిల్లలకు బాల స్వేచ్ఛ కోసం పనిచేసింది. ఆ పేరంటే నాకెంతో గౌరవం. ఇంగ్లిష్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ అన్నప్పుడు ఫ్రీ అంటే ఉచితమా, స్వేచ్ఛా అని ప్రతిసారీ విడమరచి చెప్పాలి. తెలుగులో ఆ తిప్పలు లేవు, రెంటికీ రెండు మాటలున్నాయి.

మీ ఇంట్లో మూలన పడున్న ల్యాప్‌టాప్ ఉంటే ఈ శనివారం బయటికి తీయండి. అందులోని ఫోటోలు, కాగితాలు ముందు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. కొట్టిన ప్రతి కమాండూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సీహెచ్‌రూట్ నుంచి బయటికొచ్చే ముందు నెట్‌వర్క్‌మేనేజర్ మాత్రం మరవకండి.