చివరి మడి దాకా నీళ్లు

పోయిన ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక ఫోను మోగింది. ఆ మధ్యాహ్నమే ఒక ఇంట్లో పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్ ఇచ్చి వచ్చాను. పెళ్లికూతురి నాన్న గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

"ఏందబ్బయా ఇది? మంత్రాలు వినపడతుండాయి, బొమ్మ రావడంలా. చుట్టాలంతా వచ్చి కూసోనుండారు."

"వస్తుండా మామా" అని ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బండి తీశాను. మా ఊరు మనుబోలులో ఏ వీధికైనా అయిదు నిమిషాల దూరమే. వెళ్లేసరికి హాల్లో పదిహేను మంది ఉన్నారు. పిల్లలు చాప మీద టీవీకి ఎదురుగా కూర్చుని ఉన్నారు. నాదస్వరం నిండుగా వినిపిస్తోంది, తెర నల్లగా ఉంది. అదే పెన్‌డ్రైవ్ తీసి నా ల్యాప్‌టాప్‌కు పెడితే పెళ్లి కళకళలాడుతూ కనిపించింది. సంచిలో ఉన్న హెచ్‌డీఎమ్ఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపాను. బొమ్మ వచ్చింది. అందరూ ముహూర్తం చూశారు, పెద్దామె ఒకరు కళ్లు తుడుచుకున్నారు. ఆ రాత్రి గడిచింది గానీ నాకు నిద్ర పట్టలేదు.

ఫైలు బాగుంది. పెన్‌డ్రైవ్ బాగుంది. టీవీ కూడా బాగుంది. చెడింది వాటి మధ్య పొత్తు. మూడు గంటల పెళ్లి తక్కువ చోటులో ఇమడాలని నేను హెచ్.265 పద్ధతిలో, 10 బిట్ రంగుతో ఎక్స్‌పోర్ట్ చేశాను. 2013లో ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతి, 2003 నాటి హెచ్.264తో పోలిస్తే దాదాపు సగం చోటులోనే అంత నాణ్యత ఇస్తుంది. కానీ అలా కుదించిన కట్టు విప్పడానికి టీవీ లోపలి చిప్‌కు ఆ విద్య వచ్చి ఉండాలి. ఎనిమిదేళ్ల నాటి ఆ టీవీకి అది రాదు. శబ్దం వేరే పద్ధతిలో కట్టి ఉంటుంది కాబట్టి టీవీ దాన్ని విప్పుకుని వినిపించింది, బొమ్మను వదిలేసింది. నేను నా కంప్యూటర్‌లో చూసి తృప్తి పడ్డాను. వాళ్ల టీవీ సంగతి అడగలేదు. తప్పు అక్కడ ఉంది, అది నాదే.

మా నాన్న చెరువు కింద ఆయకట్టు రైతు. మా మడి కాలువకు చిట్టచివర ఉండేది. నీళ్లు రాని రోజు నాన్న తూము దగ్గరకు పరుగెత్తేవాడు కాదు. మా మడి గట్టు మీది నుంచి కాలువ వెంట పైకి నడిచేవాడు. ఎక్కడ నీళ్లు కనపడతాయో అక్కడ ఆగి వెనక్కి చూసేవాడు. ఆ తడికీ ఈ పొడికీ మధ్యనే గండి పడి ఉండాలి, లేదా ఎవరో అడ్డం వేసి ఉండాలి. అంతకు మించి వెతికే పని లేదు. వీడియో పనిలో ఇరవై ఏళ్లుగా నాకు అక్కరకు వచ్చిన పాఠం అదే.

వీడియోకు కూడా కాలువ ఉంది. కెమెరా, మెమరీ కార్డు, హార్డ్ డిస్క్, ఎడిటింగ్ టైమ్‌లైన్, రెండరింగ్, పెన్‌డ్రైవ్, చివరికి టీవీ. "స్ట్రక్ అవుతోంది" అనే మాట ఒకటే, కారణం ఏడు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు. కుర్రాళ్లు మొదటే కంప్యూటర్ మార్చాలంటారు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేస్తారు. మూడు మార్పులు ఒకేసారి చేసి, బాగైతే దేనివల్ల బాగైందో తెలియక మళ్లీ నెలకు అదే చోట కూలబడతారు. నేను ఒకసారికి ఒక్కటే మారుస్తాను. అదే ఫైలు ఇంకో టీవీలో, అదే టీవీలో ఇంకో ఫైలు, పెన్‌డ్రైవ్ నుంచి తీసి డిస్క్‌లో. తడి ఎక్కడి దాకా ఉందో తెలిస్తే సగం పని అయినట్టే.

అసలు ఇంత కుదించి కట్టడం ఎందుకని మా ఇంట్లోవాళ్లే అడుగుతుంటారు. ఒక్క ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 20,73,600 చుక్కలుంటాయి. రంగు సమాచారాన్ని కొంత తగ్గించి రాసినా బొమ్మకు 31 లక్షల బైట్లు. సెకనుకు 25 బొమ్మలు. ఏమీ కుదించకుండా దాచితే గంట పెళ్లికి 280 జీబీ కావాలి. సెకనుకు 10 మెగాబిట్ల లెక్కన కుదిస్తే అదే గంట 4.5 జీబీలో కూర్చుంటుంది. అరవై రెండు బస్తాల సరుకును ఒక బస్తాలో సర్దినట్టు. ఇంత సర్దుడులో ఎక్కడో ఒకచోట నలుగుడు తప్పదు. అది చూసేవాళ్ల కంటికి ఆనకుండా చేయడమే మా పని.

ఆ సర్దుడు మూడు రకాలుగా జరుగుతుంది. మొదట, పక్కపక్క బొమ్మల్లో మారనిదాన్ని కుదించే సాఫ్ట్‌వేర్ మళ్లీ రాయదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ రాసుకుని, తర్వాత వచ్చేవాటిలో ఏది ఎటు కదిలిందో మాత్రమే రాసుకుంటుంది. రెండోది, మిగిలిన బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోసి, ప్రతి గడిలో మెల్లగా మారే వెలుగునీ గబగబా మారే వెలుగునీ వేరు చేస్తుంది. మూడోది, కంటికి అంతగా ఆనని ఆ గబగబా భాగాన్ని ముతకగా రాస్తుంది.

ఆ గళ్ల లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1974 జనవరిలో ఐఈఈఈ వారి కంప్యూటర్ల పత్రికలో ముగ్గురి పేరుతో ఆ వ్యాసం వచ్చింది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి.నటరాజన్, మూడో పేరు కె.ఆర్.రావు. ఆయన పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు వింటేనే మనకు దగ్గరివారనిపిస్తుంది. మా ఊరి మీదుగా పోయే బండ్లు చేరే చెన్నపట్నంలోనే, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1952లో పట్టా తీసుకుని అమెరికా వెళ్లారు. 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2021 జనవరిలో కన్నుమూశారు. ఈ ఆలోచన మీద పరిశోధనకు డబ్బివ్వమని అహ్మద్ 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే వాళ్లు ఇవ్వలేదు. అయినా అహ్మద్ పని ఆపలేదు. జేపీఈజీ ఫొటో నుంచి వీసీడీ, డీవీడీ, ఇవాళ్టి ఫోన్ వీడియో దాకా ఆ లెక్క, దాని పిల్ల లెక్కలు నడుస్తున్నాయి. మన పెళ్లి వీడియోలు కట్టే ప్రతి కుర్రాడికీ ఆ ముగ్గురి పేర్లు తెలియాలని నా కోరిక.

ఆ లెక్కకు పరీక్ష పెట్టే ఘట్టం తలంబ్రాలు. వందల బియ్యపు గింజలు, పసుపు, పూలరేకులు, మెరుపు కాగితాలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు ఎగురుతాయి. ముందు బొమ్మను చూసి తర్వాతది ఊహించడం కుదరదు. ఆ క్షణంలో ఇచ్చిన బిట్‌రేట్, అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లన్న లెక్క, చాలకపోతే పెళ్లికూతురి నవ్వు పలకలు పలకలుగా విరుగుతుంది. ఆ పలకలే నేను చెప్పిన గళ్లు. హోమం పొగ దగ్గరా, స్టేజి మీద తిరిగే లైట్ల దగ్గరా ఇదే గొడవ. విందులో పంక్తి వీడియోకు అంత బిట్‌రేట్ అక్కర్లేదు. అందుకే నేను స్థిరమైన బిట్‌రేట్ పెట్టను. రెండుసార్లు చదివే పద్ధతి ఎంచుకుంటాను. మొదటిసారి సాఫ్ట్‌వేర్ మొత్తం చూసుకుని ఎక్కడ కష్టమో గుర్తు పెట్టుకుంటుంది, రెండోసారి అక్కడికి ఎక్కువ పంచుతుంది. టైం పడుతుంది. పట్టనీ. తలంబ్రాలు మళ్లీ పోయించలేం.

ఇంకో రకం జబ్బు పోయిన మాఘమాసంలో చూశాను. పెళ్లికూతురి తమ్ముడు ఫోనులో తీసిన ముక్కలు మధ్యలో కలపమన్నారు. కలిపాను. మొదటి పది నిమిషాలు బాగానే ఉంది. ముహూర్తం వచ్చేసరికి గట్టిమేళం ముందే మోగిపోయింది, మూడు ముళ్లు తర్వాత పడ్డాయి. శబ్దాన్ని జరిపి సరిచేస్తే అక్కడ కుదిరింది, ఇంకొంచెం ముందుకు పోతే మళ్లీ తప్పింది. ఎంత దూరం పోతే అంత తేడా పెరుగుతోందంటే సంగతి అర్థమైనట్టే. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని బొమ్మలని ఒకే లెక్కకు కట్టుబడవు. వెలుతురు తగ్గితే బొమ్మల సంఖ్య తగ్గిస్తాయి, పెరిగితే పెంచుతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అన్నిటి మధ్యా ఒకే ఎడం అనుకుంటే మాటకూ పెదవికీ పొత్తు తప్పుతుంది. మందు ఒకటే. ఫోన్ ముక్కల్ని ముందుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి సాధనంతో స్థిరమైన 25 బొమ్మల లెక్కకు మార్చి, ఆ తర్వాతే టైమ్‌లైన్ మీద పెట్టాలి. 2000లో ఫాబ్రీస్ బెల్లార్ అనే ఫ్రెంచి ఇంజనీరు మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. మాలాంటి చిన్న ఊరి స్టూడియోకు అది పెద్ద ఆసరా.

ఎడిటింగ్ చేసేటప్పుడే బొమ్మ నత్తనడక నడిస్తే కథ వేరు. కెమెరా ఫైలులో పూర్తి బొమ్మ అప్పుడప్పుడే ఉంటుందని చెప్పాను కదా. మధ్యలో ఒకచోట కోయాలంటే కంప్యూటర్ వెనక ఉన్న పూర్తి బొమ్మ దాకా పోయి, అక్కడి నుంచి ఒక్కొక్కటే విప్పుకుంటూ రావాలి. నాలుగు కెమెరాలు పక్కపక్కన పెడితే ఆ పని నాలుగింతలు. ఇలాంటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్, డిస్క్, గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది నూటికి నూరు తాకిందో చూస్తాను. డిస్క్ అయితే ఫైళ్లను వేగమైన డిస్క్‌లోకి మారుస్తాను. ప్రాసెసర్ అయితే చిన్న సైజు నకళ్లు, అంటే ప్రాక్సీలు చేసుకుని వాటి మీద ఎడిటింగ్ పూర్తి చేస్తాను. చివరి రెండరింగ్ మాత్రం అసలు ఫైళ్ల నుంచే.

మా ప్రాంతంలో కంప్యూటర్ నెమ్మదించడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఏ మాన్యువల్ లోనూ మొదట చూపించరు. ఎండ. రోహిణీ కార్తెలో నెల్లూరు సీమ వేడి సంగతి చెప్పక్కర్లేదు. రేకుల కప్పు కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండరింగ్ మొదలుపెడితే, కాసేపటికి ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఉదయం గంటలో అయ్యే పని మధ్యాహ్నం రెండు గంటలు తీసుకుంటుంది. ఒక ఎండాకాలం ఇది తెలియక సాఫ్ట్‌వేర్‌ను మూడుసార్లు తీసి వేశాను. చివరికి వెనక పలక విప్పితే ఫ్యాను రెక్కల నిండా దుమ్ము. బ్రష్‌తో దులిపి, పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి రెండరింగ్ పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

కొన్ని జబ్బులకు మాత్రం రెండరింగ్‌లో మందు లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్ సెకనుకు వందసార్లు మినుకుతుంది. కెమెరా షట్టర్ 50లోనో 100లోనో లేకపోతే బొమ్మ మీద నల్లటి పట్టీలు కదులుతాయి. అది తీసేటప్పుడే చూసుకోవాలి. మడిలో చౌడు ఉంటే నీళ్లెన్ని పెట్టి ఏం లాభం?

ఆదివారం రాత్రి బొమ్మ రాని పెళ్లి వీడియో దగ్గరికి వస్తాను. మర్నాడు తెల్లవారుజామునే దాన్ని మళ్లీ కట్టాను. హెచ్.264, 8 బిట్, హై ప్రొఫైల్, లెవెల్ 4.1, సెకనుకు 25 బొమ్మలు, 10 మెగాబిట్లు. పాత టీవీలు కూడా చాలావరకు దీన్ని ఆడిస్తాయి. ఇంకో అడ్డంకి ఉంది. పాత టీవీలు చాలావాటికి పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటేనే తెలుస్తుంది. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. మూడు గంటల పెళ్లి 13 జీబీ దాటుతుంది. అందుకని సుమారు ముప్పావు గంట చొప్పున నాలుగు భాగాలు చేశాను. ఎక్కడపడితే అక్కడ కోయలేదు. పెళ్లికూతుర్ని చేయడం ఒకటి, ముహూర్తం ఒకటి, తలంబ్రాలూ విందూ కలిపి ఒకటి, అప్పగింతలు ఒకటి. సాయంత్రం తీసుకెళ్లి, ఈసారి నా చేత్తోనే వాళ్ల టీవీకి పెట్టాను. నాలుగు భాగాలూ మొదలూ చివరా ఆడించి చూపించి వచ్చాను. హెచ్.265 ఫైలు కూడా వేరే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను, రేపు టీవీ మారితే పనికొస్తుందని.

ఈ వృత్తిలోకి వచ్చే తమ్ముళ్లకు ఒక మాట. మీ దగ్గరున్న మంచి మానిటర్ మీద చూసి పని అయిపోయిందనుకోకండి. ఒప్పుకునే రోజే ఆ ఇంటి టీవీ ఏదో, ఎప్పటిదో అడిగి పుస్తకంలో రాసుకోండి. స్టూడియోలో ఒక పాత టీవీ ఉంచుకుని, ఇచ్చే ప్రతి పెన్‌డ్రైవ్ దాని మీద ఆడించాకే గడప దాటనివ్వండి.

పెళ్లి చేసే అమ్మానాన్నలకు ఇంకో మాట. పెన్‌డ్రైవ్ చేతికి వచ్చిన రోజే, చుట్టాలను పిలవక ముందే, మీ టీవీకి పెట్టి మూడు చోట్ల చూడండి. ముహూర్తం దగ్గర శబ్దం, బొమ్మ కలిశాయా? తలంబ్రాల దగ్గర బొమ్మ విరగలేదు కదా? చివరి అయిదు నిమిషాలు పూర్తిగా ఆడుతున్నాయా? తేడా ఉంటే మొహమాటపడకుండా ఫోన్ చేసి మళ్లీ చేసివ్వమని అడగండి. కెమెరాలోని అసలు ఫైళ్లు స్టూడియోవాళ్లు తుడిచేయక ముందే ఒక హార్డ్ డిస్క్‌లో వేయించుకోండి. వాట్సాప్‌లో వచ్చిన నకలు చాలనుకోకండి, అది మళ్లీ నలిగిన బొమ్మ. అసలు ఫైళ్లు మీ బీరువాలో ఉంటే ఎన్ని టీవీలు మారినా మీ అమ్మాయి పెళ్లిని మళ్లీ కట్టించుకోవచ్చు.