చూపు వేరు, చికిత్స వేరు

ఒకే పదార్థంతో వ్యాధిని చూడవచ్చు, మాన్పనూవచ్చు అన్న మాట ఇటీవలి విజ్ఞాన వ్యాసాలలో తరచు కనిపిస్తున్నది. థైరాయిడ్ విషయంలో ఇది యథార్థమే. అయోడిన్-131 ఆ గ్రంథిలో చేరి, గామా కిరణాలతో తన ఉనికిని తెలుపుతుంది. బీటా కణాలతో రుగ్ణకణాలను చంపుతుంది. కాని ఈ మాటనే మెలనోమా అనే చర్మపు కాన్సరుకు యథాతథంగా అన్వయించడం తొందరపాటు.

పూర్వపు ఖమ్మం జిల్లాలో, భద్రాచలం అడవుల చేరువనున్న మణుగూరు భారజల కర్మాగారం ఆక్సిజన్-18 అధికంగా గల నీటిని కూడా తయారుచేస్తున్నది. సైక్లోట్రాన్‌లో ప్రోటాన్లు తాకినప్పుడు ఆ ఆక్సిజన్ ఫ్లోరిన్-18గా మారుతుంది. దానిని చేర్చిన గ్లూకోజు, మెలనోమా దేహంలో ఎక్కడెక్కడికి పాకినదో పెట్ చిత్రంలో చూపుతుంది. అయితే గ్లూకోజును మెదడు కూడా విరివిగా గ్రహిస్తుంది. కనుక ఆ దారినే సంహారక కిరణాన్ని పంపరాదు. అందుచేత, మెలనోమా కణాలపై అధికంగా ఉండే ఎం.సి.1.ఆర్. గ్రాహకాన్ని వెదకే పెప్టైడుకు, చూపుకై సీసం-203ను, చికిత్సకై సీసం-212ను తగిలించి పరీక్షిస్తున్నారు. ఇది ఇంకా ప్రయోగదశలోనిదే. మూత్రపిండాలకు సోకే కిరణమోతాదును కూడా లెక్కించవలసి ఉన్నది.

ఇట్టి వ్యాసాలు విడిచిపెట్టే ముఖ్యాంశం మరొకటి ఉన్నది. మన దేశంలో మెలనోమా తరచు అరికాలిలో పుడుతుంది. ముల్లు గుచ్చుకున్న మచ్చ అనుకొని ఉపేక్షిస్తే ముదురుతుంది. తొలిదశలో చాలామందికి శస్త్రచికిత్సే చాలును. పెరుగుతున్న నల్లమచ్చను వెంటనే వైద్యునికి చూపించమని ఉపాధ్యాయులు చెప్పడం, ఈ కొత్త అస్త్రాలను పొగడడం కన్నా ముందు చేయవలసిన పని.