అమరావతి శిల్పంలో పురుష దేహం: నగ్నత, పౌరుషం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పాశ్చాత్య కళావిమర్శలో పురుష నగ్నత పౌరుషానికి ప్రధాన ప్రమాణంగా నిలిచింది. గ్రీకు శిల్పి కండరాలను విడివిడిగా చెక్కి దేహబలాన్ని ఆదర్శంగా చూపాడు. 1956లో వెలువడిన కెన్నెత్ క్లార్క్ గ్రంథం ‘ది న్యూడ్’ ఈ సంప్రదాయాన్ని విస్తృతంగా చర్చించింది. ఆ కొలమానంతో చూస్తే ఉమ్మడి గుంటూరు జిల్లాలోని అమరావతి పురుషమూర్తులు సుకుమారంగా, బలహీనంగా తోస్తాయి. ఆ కొలమానం ఇక్కడ ఎందుకు చెల్లదో చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నాళాగిరి ఫలకం

పల్నాడు సున్నపురాయిపై మలచిన అమరావతి పురుషునికి సాధారణంగా తలపాగా, కర్ణాభరణాలు, నడుమున పలుచని వస్త్రం ఉంటాయి. మిగిలిన దేహం అనాచ్ఛాదితం. అయినా కండరాల విభజన కనిపించదు. నునుపైన చర్మం కింద ఊపిరి నిండిన దేహమే కనిపిస్తుంది.

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని నాళాగిరి దమన ఫలకం ఇందుకు కీలకమైన ఆధారం. ఒకే వలయంలో రెండు ఘట్టాలున్నాయి. ఒక పక్క మదపుటేనుగు ఒక మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. భయపడిన స్త్రీ పక్కనున్న పురుషుణ్ణి ఆనుకుంది. మేడ గవాక్షాల నుంచి జనం చూస్తున్నారు. మరో పక్క అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లింది. వేగం, బలం, అర్ధనగ్న దేహాల కల్లోలం అంతా ఓడిన పక్షాన ఉంది. చీవరం కప్పుకొని కదలక నిలిచిన దేహం గెలిచింది. శిల్పి దృష్టిలో పౌరుషానికి గుర్తు నిశ్చలత.

3. నాగార్జునకొండ సాక్ష్యం

ఇక్ష్వాకుల నాగార్జునకొండలో ఆయుధబలం దుస్తుల్లోనే కనిపిస్తుంది. శకయోధునిగా పండితులు గుర్తించిన స్తంభమూర్తికి పొడవాటి అంగీ, శిరస్త్రాణం, ఈటె ఉన్నాయి. అక్కడ నగ్నతకు ప్రసిద్ధమైనది స్త్రీమూర్తి. ఎహువల చాంతమూలుని రాణి ఖండువుల ప్రతిష్ఠించిన ఆ దేవతామూర్తిపై శాసనం రాణిని అవిధవగా, జీవపుత్రగా పేర్కొంటుంది. అంటే నగ్నత సంతాన సౌభాగ్యంతో, స్త్రీ దేహంతో ముడిపడింది. పురుషుని అధికారానికి దాని అవసరం లేకపోయింది.

4. ముగింపు

నిశ్చలతను పౌరుషంగా నిలిపిన ఈ ఆదర్శాన్ని మెచ్చుకొని ఊరుకోలేం. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు రెండుచోట్లా నందుని కథను మలిచారు. మనసు భార్యపైనే ఉన్న నందుణ్ణి బుద్ధుడు సన్యాసానికి మళ్లిస్తాడు. ఏనుగును లొంగదీసిన నిగ్రహానికి ఇక్కడ మూల్యం చెల్లించినది ఇంట మిగిలిన స్త్రీ. కనుక పురుష దేహంపై పరిశోధించేవారు వస్త్రం ఎంత తొలగిందన్న లెక్కతో ఆగరాదు. ఆ దేహం ఎవరిని కాపాడింది, ఎవరిని విడిచి వెళ్లింది అన్న ప్రశ్నను కూడా శిల్పం ముందు ఉంచాలి.