వాల్వ్ మూసుకుందా?

కొత్త ప్లాంటు డ్రాయింగులు ముందేసుకుని కూర్చున్నప్పుడు అందరూ ముందు సెన్సర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో ఒక్కో సెన్సర్ దగ్గరా నేను అడిగేది ఒకటే: ఇది ఏ రెండు లోపాలకు తేడా చెబుతుంది?

పంపునే తీసుకోండి. డెలివరీ ప్రెషర్ పడిపోయింది. స్ట్రైనర్‌కు చెత్త పట్టిందా, ఇంపెల్లర్ అరిగిందా, అవతల పైపు పగిలిందా? డెలివరీ వైపు ఇంకో రెండు ప్రెషర్ గేజీలు బిగించినా ఏ సంగతీ తేలదు. స్ట్రైనర్‌కూ పంపుకూ మధ్య ఒక గేజీ పెట్టి చూడండి, చెత్త అడ్డుపడితే అక్కడే ప్రెషర్ పడుతుంది. పంపు దాటగానే ఫ్లో మీటర్ ఉంటే మిగతా రెండూ విడిపోతాయి. పైపు పగిలితే ప్రెషర్ తగ్గుతూ ప్రవాహం పెరుగుతుంది. ఇంపెల్లర్ అరిగితే రెండూ తగ్గుతాయి.

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో చూడండి. 1979 మార్చి 28 తెల్లవారుజామున, అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో, రియాక్టర్ నీటి ఒత్తిడిని అదుపులో ఉంచే ప్రెషరైజర్ ట్యాంకు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూమ్ ప్యానెల్ మీద దాని దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం చెప్పేదల్లా వాల్వ్ సోలెనాయిడ్‌కు కరెంటు అందుతోందో లేదో అన్నదే. ఉత్తరం పోస్టులో వేశామన్నదీ, అందిందన్నదీ ఒకటి కాదు కదా! వాల్వ్ మూసుకుందనే ఆపరేటర్లు అనుకున్నారు. రెండు గంటలకు పైగా నీరు బయటికి పోయింది. రియాక్టర్‌లో నీటిమట్టాన్ని నేరుగా చూపే పరికరమే లేదు. ప్రెషరైజర్‌లో మట్టం పెరుగుతూ కనిపించడంతో, నీరు ఎక్కువైందనుకుని అత్యవసర నీటిని తగ్గించారు. కోర్‌లో దాదాపు సగం కరిగిపోయింది.

వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. వాళ్ల ముందు మా ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు పెట్టిన పరికరాలు చెప్పిందే వాళ్లు నమ్మారు. ఆ తర్వాతే, వాల్వ్ స్థితిని నేరుగా చూపాలన్న నిబంధన అక్కడ వచ్చింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. నిజం చెప్పగల సెన్సర్ అక్కడ ఉంది. వాల్వ్ తర్వాతి గొట్టం మీద ఉష్ణోగ్రత కొలిచేది. అది వేడి చూపించింది కూడా. అయితే అక్కడ లీకేజీ ముందు నుంచే ఉండటంతో, ఆ గొట్టం వేడెక్కి ఉండటం వాళ్లకు అలవాటైపోయింది.

అందుకే సెన్సర్ ప్రతిపాదన ఏది వచ్చినా పక్కపక్కన రెండు గళ్లు గీస్తాను: యంత్రం బాగున్నప్పుడు అది ఎంత చూపిస్తుంది, పాడైతే ఎంత చూపిస్తుంది. రెండంకెలూ దగ్గరగా ఉంటే ఎంత ఖరీదైన సెన్సర్ అయినా వద్దంటాను. మొదటి గడిలో కొత్త యంత్రం అంకె రాస్తే ఒప్పుకోను. అయిదారేళ్లు నడిచి, సీళ్ల దగ్గర కొద్దికొద్దిగా కారుతున్న యంత్రం అంకె రాయమంటాను.