మూడు గంటలు – మూడు చిత్రములు

పత్రికలలో చదివిన హత్య వెండితెర కెక్కునప్పుడు అందులో ఏది మిగులును, ఏది జారిపోవును? నాటి బొంబాయిని ఉర్రూతలూపిన నానావతి ఉదంతమును, దాని ఛాయలతో వెలువడిన మూడు హిందీ చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూడగా మాకు తోచిన నాలుగు మాటలు ఇచట విన్నవింతుము.

1959 ఏప్రిల్ 27వ తేదీన నౌకాదళ కమాండరు కావస్ నానావతికి ఆయన భార్య, ప్రేమ్ ఆహూజాతో తనకు గల సంబంధమును తెలియజేసెను. ఆయన భార్యాబిడ్డలను సినిమాహాలు కడ దింపి, నౌకకు పోయి, రాత్రి ఒంటరిగా అహమ్మద్‌నగరునకు వెళ్లుచున్నాననెడి నెపమున రివాల్వరును ఆరు తూటాలను పుచ్చుకొనెను. ఆహూజాను మొదట కార్యాలయమున వెదకి, పిదప ఇంటికి పోయి కాల్చి చంపెను; తానే పోలీసులకు లొంగిపోయెను. జ్యూరీలో తొమ్మండుగురికి ఎనమండుగురు నిర్దోషి యనిరి. హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించెను. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. 1964లో క్షమాభిక్ష లభించెను.

సుప్రీంకోర్టు తీర్పును వ్రాసినవారు మన తెనుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావుగారు. వారు కాలమును లెక్కించిరి. నానావతి ఇల్లు వీడినది మధ్యాహ్నము 1-30కి; హత్య జరిగినది 4-20కి. మనస్సును నిగ్రహించుకొనుటకు ఆ వ్యవధి చాలుననియు, ఇది ఆకస్మికోద్రేకము కాదనియు వారు నిర్ణయించిరి. ఈ కథకు ఆయువుపట్టు ఆ మూడు గంటలే. చిత్రములు జారవిడిచినదియు దానినే.

1963 నాటి ‘యే రాస్తే హై ప్యార్ కే’లో భార్య పాత్రధారిణి లీలా నాయుడు, ఆమె తండ్రిది మదనపల్లె. ఆమె నిండైన నటన మెచ్చదగినది. అయినను రవి కూర్చిన మధుర గీతముల నడుమ నేరము ప్రణయవిషాదముగా కరగిపోయినది. 1973లో గుల్జారు తీసిన ‘అచానక్’లో పాటలు లేవు. ఉరితీయుటకై మనిషిని వైద్యులు బ్రతికించుట యనెడి వైపరీత్యము ఆలోచింపజేయును. మూడింటిలో ఇదియే మేలైనదని మా అభిప్రాయము. కాని ఇందు భర్త భార్యను సైతము చంపును. వాస్తవమున అట్లు జరుగలేదు. 2016 నాటి ‘రుస్తుం’ మరియొక అడుగు ముందుకు వేసి, హంతకుని దేశభక్తుని గావించి, హతుని అవినీతిపరునిగాను, అతని సోదరిని కుటిలురాలిగాను చిత్రించినది. కథానాయకునకు జాతీయ పురస్కారము సైతము లభించినది.

కళకు స్వేచ్ఛ వలదని మేమనము. పేర్లు మార్చవచ్చును, వృత్తులు మార్చవచ్చును. కాని మార్పులన్నియు తుపాకి పట్టినవాని పక్షముననే సాగినచో, అది కళాస్వేచ్ఛ కాదు, వకాల్తా. చనిపోయినవాడు సచ్ఛీలుడు కానక్కరలేదు. అతని ప్రాణమునకు విలువ కలదని చెప్పుటకే న్యాయస్థానములున్నవి. భార్య తప్పు చేసినచో రక్తముతోనే పరువు నిలుచునని నమ్ము కుటుంబములు నేటికిని లేకపోలేదు. చప్పట్లు కొట్టునప్పుడు మనము వారికేమి నేర్పుచున్నామో యోచింపవలదా?

తుపాకి చేతనున్నను, ఏ క్షణముననైనను వెనుదిరుగ వీలున్న మనిషి ఆ మూడు గంటలలో ఏమి తలపోసెను? ఆ నాటకమును తెరపై చూపగల దర్శకునికై మేమింకను ఎదురుచూచుచున్నాము.